పైపు పీకేస్తే కుదుపు ఎందుకు ఆగింది?

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 1974 అంబాసిడర్ మార్క్ 2 ఇప్పుడు నా దగ్గరుంది. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, ఎస్‌యూ కార్బురేటర్, పాయింట్లున్న పాత డెల్కో (ప్లగ్‌లకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్). ఆర్నెల్ల కిందట యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి నడుపుతుంటే బండి కుదుపులు ఇవ్వడం మొదలెట్టింది. నాన్నగారి కాలం నుంచీ ఈ బండి చూస్తున్న మెకానిక్ బాబాయ్ వచ్చి, కార్బురేటర్ నుంచి డెల్కోకు వెళ్లే సన్న పైపు పీకేసి, కార్బురేటర్ వైపు ఒక స్క్రూ బిగించారు. కుదుపు ఆగింది. ‘పాత ఇంజన్‌కి ఇదేం అక్కర్లేదులే’ అన్నారు. అనంతగిరి ఘాట్ ఎప్పటిలాగే ఎక్కుతోంది. కానీ అన్నవరం వెళ్లొస్తే మాత్రం పెట్రోల్ ఇదివరకటి కంటే బాగా తాగుతోంది, బానెట్ ఎత్తితే వేడి మొహాన కొడుతోంది. ఆ పైపు నిజంగా అక్కర్లేదా? ఇంట్లో పరీక్షించుకునే దారుందా? – విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ఘాట్ బాగానే ఎక్కుతోంది, చదును రోడ్డు మీద పెట్రోల్ తాగుతోంది అని రాశారు చూడండి, మీ ఉత్తరంలో అసలు మాట అదే. వాక్యూమ్ అడ్వాన్స్, అంటే ఇంజన్ పీల్పుతో స్పార్క్‌ను ముందుకు జరిపే ఏర్పాటు, పోయిన బండి సరిగ్గా అలాగే ఉంటుంది. ఆ పైపు కావాలి. అయితే రేపు పొద్దున్నే స్క్రూ తీసి పైపు పెట్టేయకండి. పెడితే ఆ కుదుపు మళ్లీ వస్తుంది. బాబాయ్ పైపు పీకడం వల్ల రోగం పోలేదు, అది బయటపడే సందర్భం పోయింది. ముందు ఆ పైపు చేసే పనేమిటో కాస్త చెప్తాను, అది తెలిస్తే పరీక్షలు వాటంతటవే అర్థమవుతాయి.

సిలిండర్లోకి వచ్చిన పెట్రోలు, గాలి మిశ్రమం టపాకాయలా ఒక్కసారిగా పేలిపోదు. ప్లగ్ దగ్గర అంటుకున్న మంట అక్కణ్నుంచి పాకుతూ పోవాలి. దానికి వ్యవధి కావాలి. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్లో సెకనులో వెయ్యో వంతు గడిచేసరికి క్రాంకు 18 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఇవ్వాలి. స్పీడు పెరిగేకొద్దీ ఇంకా ముందు ఇవ్వాలి. ఈ పని డెల్కో అడుగున ఉండే రెండు బరువులు, వాటి స్ప్రింగులు చూసుకుంటాయి.

కానీ ఆ బరువులకు స్పీడు ఒక్కటే తెలుసు. బండి ఘాట్ ఎక్కుతోందో, ఖాళీ హైవే మీద హాయిగా పోతోందో వాటికి తెలీదు. కాలు తేలిగ్గా పెట్టినప్పుడు కార్బురేటర్ రెక్క కొంచెమే తెరుచుకుంటుంది, సిలిండర్లోకి చేరే సరుకు పలచన. ఒత్తుగా ఉన్నదాంట్లో మంట వడివడిగా పాకుతుంది, పలచగా ఉన్నదాంట్లో నింపాదిగా. కాబట్టి అదే స్పీడులో కూడా తేలికపాటి కాలికి స్పార్క్ ఇంకొంచెం ముందు పడాలి. రెక్క మూసుకుపోయి ఉన్నకొద్దీ ఇంజన్ పీల్పు, అంటే వాక్యూమ్ ఎక్కువగా ఉంటుంది కదా. ఆ పీల్పునే సన్న పైపు గుండా డెల్కో పక్కనున్న డబ్బాలోకి పంపారు. డబ్బాలో ఒక పొర, దానికో కడ్డీ, కడ్డీ కొసన పాయింట్లు, అంటే కరెంటు తెంచి స్పార్క్ పుట్టించే మొనలు, కూర్చున్న ప్లేటు. పీల్పు వస్తే పొర లాగుతుంది, ప్లేటు తిరుగుతుంది, స్పార్క్ ముందుకు జరుగుతుంది.

ఇప్పుడు మీ ఘాట్ సంగతి చూడండి. అనంతగిరి ఎక్కుతుంటే కాలు దాదాపు అడుక్కంటా ఉంటుంది, పీల్పు దాదాపు ఉండదు, ప్లేటు ఎలాగూ కదలదు. పైపు ఉన్నా లేకున్నా ఒకటే. బాబాయ్ బండిని నడిపి చూసినప్పుడు గట్టిగా తొక్కే చూసి ఉంటారు, పికప్ తగ్గలేదు కాబట్టి అక్కర్లేదు అనుకున్నారు. అందులో ఆయన తప్పు పెద్దగా లేదు, మన దగ్గర చాలామంది మెకానిక్‌లు పికప్‌తోనే బండిని కొలుస్తారు. అన్నవరం రోడ్డు మీద కథ వేరు. అరవైలో నింపాదిగా పోతుంటే స్పార్క్ ఆలస్యంగా పడుతుంది, మంట పిస్టన్‌ను తోయాల్సిన సమయం దాటిపోయాక కూడా కాలుతూనే ఉంటుంది, ఆ వేడంతా ఎగ్జాస్ట్‌లోకీ రేడియేటర్ నీళ్లలోకీ పోతుంది. పైగా ఈ ఇంజన్లో కార్బురేటరూ, ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఒకే పక్క ఉంటాయి. మీ మొహాన కొట్టిన వేడి ముందు కార్బురేటర్‌కు కొడుతోంది.

ఇక కుదుపు. పాయింట్లున్న ప్లేటు తిరిగేది కాబట్టి దానికి రెండు సన్న తీగలు మెత్తగా, కొంచెం వదులుగా ఉంచుతారు. ఒకటి డెల్కో పక్క టెర్మినల్ నుంచి పాయింట్లకు కరెంటు తెచ్చేది. రెండోది ప్లేటును డెల్కో బాడీకి కలిపే ఎర్త్ తీగ, పొట్టి అల్లిక తీగ. యాభై ఏళ్లపాటు ప్లేటు అటూ ఇటూ ఊగితే అవి లోపల్లోపలే తెగుతూ వస్తాయి. ప్లేటు కదిలినప్పుడు కరెంటు తెగుతుంది, ఆగినప్పుడు అతుక్కుంటుంది. ప్లేటు కదిలేది ఎప్పుడు? కాలు తేలిగ్గా పెట్టినప్పుడు. పైపు పీకేస్తే ప్లేటు కదలడం మానేస్తుంది, కుదుపు ఆగుతుంది. నా అనుమానం నూటికి తొంభై పాళ్లు ఈ తీగల మీదే.

ఇంత ధీమాగా ఎందుకు చెప్తున్నానంటే ఒకప్పుడు నేనూ ఇలాగే మోసపోయాను. మూడు వారాలు కార్బురేటర్ విప్పడం, కడగడం, జెట్ నీడిల్ మార్చడం, మళ్లీ విప్పడం. చివరికి డెల్కో క్యాప్ తీసి ఎర్త్ తీగను గోటితో కదిపితే చేతిలోకొచ్చింది.

పరీక్షకు కావలసినవి: ఒక మల్టీమీటర్, మెడికల్ షాపులో దొరికే 50 మి.లీ. సిరంజి, సెలైన్ ఎక్కించే గొట్టం ముక్క ఒక అడుగు. దొరికితే టైమింగ్ లైట్ (స్పార్క్ పడినప్పుడల్లా మెరిసి, అది ఎప్పుడు పడుతోందో చూపే లైటు). చేతితో నొక్కే వాక్యూమ్ పంపు, గేజీతో సహా ఉన్నది ఎవరైనా ఇస్తే మరీ మంచిది, కానీ దానికోసం ఆగక్కర్లేదు. చాలామంది పైపును నోట్లో పెట్టుకుని పీల్చి చూస్తారు. పని చేస్తుంది గానీ, యాభై ఏళ్ల పెట్రోల్ ఆవిరి రుచి చూడాల్సిన అవసరం మీకెందుకు?

ఇంజన్ ఆపి, బ్యాటరీ వైరు ఒకటి తీసేసి, డెల్కో క్యాప్ రెండు క్లిప్పులూ వదిలించి క్యాప్‌ను వైర్లతో సహా పక్కకు పెట్టండి. క్యాప్ కింద తిరిగే ముక్క, అదే రోటర్, పైకి లాగేయండి. ఇప్పుడు డబ్బా మూతికి సెలైన్ గొట్టం తగిలించి సిరంజి నెమ్మదిగా లాగండి. ప్లేటు కదలాలి. ఈ ఇంజన్లో రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది, కాబట్టి ప్లేటు ముల్లు తిరిగే వైపు కదులుతుంది. పెద్ద కదలికేమీ ఆశించకండి, కొద్ది డిగ్రీలే. లాగిన సిరంజిని అలాగే పట్టుకుని ముప్ఫై లెక్కపెట్టండి. ప్లేటు ఉన్నచోటే నిలబడి, గొట్టం తీయగానే టక్కున వెనక్కి వస్తే పొర, స్ప్రింగు రెండూ బాగున్నట్టే. కదిలి, మీరు పట్టుకుని ఉండగానే నెమ్మదిగా వెనక్కి జారితే పొరకు చిల్లుంది. సిరంజి ఏ అడ్డూ లేకుండా మొత్తం వచ్చేసి ప్లేటు కదలకపోతే పొర చిరిగిపోయింది. సిరంజి బిగుసుకుపోయి చేతిని వెనక్కి లాగుతూ ఉండి, ప్లేటు మాత్రం మొరాయిస్తే పొర మంచిదే, ప్లేటు పట్టేసింది. ఏళ్ల తరబడి పైపు లేకుండా తిరిగిన బండ్లలో ఇది మామూలే. రెండు ప్లేట్ల మధ్య పలచని నూనె ఒకటి రెండు చుక్కలు వేసి వేలితో అటూ ఇటూ ఆడిస్తే వదులుతుంది. గ్రీజు వద్దు. నూనె పాయింట్ల మొహాల మీద పడిందా, మీరు ఇంకో కొత్త మిస్సింగ్ (స్పార్క్ తప్పి ఇంజన్ తడబడటం) కొని తెచ్చుకున్నట్టే.

పైపు సంగతి కూడా ఇప్పుడే చూసేయండి. అది ఇంజన్ ఒక పక్క నుంచి రెండో పక్కకు చుట్టి వస్తుంది, కొసల్లో రబ్బరు తొడుగులుంటే అవే ముందు పగులుతాయి. ఒక కొస వేలితో మూసి, రెండో కొస నుంచి సిరంజితో లాగితే కారేదీ లేనిదీ తెలిసిపోతుంది.

ప్లేటు కదులుతోంది అనుకుందాం. ఇప్పుడు తీగల పరీక్ష. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి ఒక మొన ప్లేటు మీద, రెండోది డెల్కో బాడీ మీద ఆనించి, ఇంకొకరి చేత సిరంజి లాగించండి, వదిలించండి. అంకె దాదాపు సున్నా దగ్గర కదలకుండా ఉండాలి. ఎగిరెగిరి పడుతోందంటే దొంగ దొరికాడు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎర్త్ తీగ పూర్తిగా తెగిపోయినా ప్లేటు కింది ప్లేటుకు ఇనుముకు ఇనుము తగులుతూనే ఉంటుంది కాబట్టి మీటరు ‘అంతా బాగుంది’ అనే అవకాశముంది. రోడ్డు మీద ఇంజన్ అదిరేటప్పుడు ఆ తగులుడు నమ్మకమైనది కాదు. అందుకని మీటరు మాట విన్నాక కూడా ఆ తీగను పట్టకారుతో రెండు కొసల దగ్గరా సుతారంగా లాగి చూడండి. రెండో తీగకు పాయింట్ల మధ్య ఒక అట్టముక్క పెట్టి, పక్క టెర్మినల్ నుంచి పాయింట్ స్ప్రింగు దాకా ఇదే విధంగా కొలవండి. ఈ తీగకు పైన తొడుగు ఉంటుంది కాబట్టి బయటికి నిక్షేపంలా కనిపిస్తూ లోపల తెగి ఉంటుంది. మధ్యలో వంచితే మిగతా చోట్ల కంటే మెత్తగా, పేగులా వంగిపోయే చోటుంటే అక్కడే తెగింది.

తీగ మార్చాల్సి వస్తే ఇంటి వైరింగ్ వైరు వాడకండి. బోలెడు సన్న పోగులున్న మెత్తటి వైరే కావాలి, లేకపోతే వారం తిరక్కుండా మళ్లీ తెగుతుంది. ప్లేటు పూర్తిగా కదిలినా బిగుసుకోనంత వదులు ఉండాలి, రోటర్‌కూ మధ్యలోని క్యామ్‌కూ తగలనంత దగ్గరగా ఉండాలి. క్యాప్ తెరిచారు కాబట్టి పాయింట్ల గ్యాప్ కూడా చూసేయండి. ఈ రకం లూకస్ కంపెనీ డెల్కోకు 0.014 నుంచి 0.016 అంగుళాలు, మన లెక్కలో దాదాపు 0.35 నుంచి 0.40 మి.మీ. గ్యాప్ మారితే టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం కూడా మారుతుంది, కాబట్టి ముందు గ్యాప్, ఆ తర్వాతే టైమింగ్.

పొర పోయి డబ్బా మార్చాలంటే ఒక మాట గుర్తుంచుకోండి. అన్ని డబ్బాలూ ఒకటి కావు. చాలా లూకస్ డబ్బాల మీద మూడు అంకెలు చెక్కి ఉంటాయి, ఉదాహరణకు 4-12-8. మొదటిది, ఎన్ని అంగుళాల పాదరసం పీల్పుకు కదలడం మొదలవుతుందో. రెండోది, ఎన్ని అంగుళాలకు చివరి దాకా వెళ్తుందో. మూడోది, డెల్కో డిగ్రీల్లో మొత్తం కదలిక. డెల్కో క్రాంకులో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి 8 అంటే క్రాంకు దగ్గర 16 డిగ్రీలు. పాత డబ్బాను తడిగుడ్డతో తుడిచి అంకెలు రాసుకుని షాపుకెళ్లండి. షాపులో ‘అంబాసిడర్‌దే సార్, ఏదైనా పడుతుంది’ అంటారు. పట్టడం వేరు, పనిచేయడం వేరు.

ఇక కార్బురేటర్ వైపు. బాబాయ్ స్క్రూ బిగించిన రంధ్రం రెక్క అంచుకు ఆనుకుని ఉంటుంది. రెక్క మూసి ఉన్నప్పుడు, అంటే స్లోలో (కాలు తీసేసి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు), ఆ రంధ్రం రెక్కకు బయటి పక్కన పడుతుంది, పీల్పు అందదు. రెక్క కాస్త తెరవగానే పీల్పు వైపు వస్తుంది. కాబట్టి ఇంజన్ స్లోలో ఉండగా ఆ రంధ్రం మీద వేలు పెడితే ఏమీ తెలియకూడదు, కాస్త రైజ్ చేయగానే వేలిని పట్టి లాగాలి. స్లోలోనే గట్టిగా లాగుతోందంటే స్లో స్క్రూ ఎక్కువ తిప్పేసి రెక్కను తెరిచి ఉంచారన్నమాట. ఎంత రైజ్ చేసినా లాగకపోతే కార్బన్‌తో మూసుకుపోయింది, ఒంటి రాగిపోగుతో పొడవండి, డ్రిల్లు మాత్రం పెట్టకండి. దీని బదులు నేరుగా మానిఫోల్డ్‌లోంచి (కార్బురేటర్ నుంచి సిలిండర్లకు వెళ్లే గొట్టంలోంచి) పైపు తీసుకుందాం అని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. అక్కడ స్లోలో కూడా పూర్తి పీల్పు, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్లో 18 నుంచి 21 అంగుళాల దాకా ఉంటుంది. స్లో పెరిగిపోతుంది, దాన్ని తగ్గించడానికి ఇంకోటి తిప్పాలి, అక్కణ్నుంచి అంతూ పొంతూ ఉండదు. గేజీ పెట్టి చూసే హైదరాబాద్ మిత్రులకు ఓ మాట: మీ ఊరు సముద్రమట్టానికి ఐదొందల మీటర్లకు పైనే ఉంది, అంగుళంన్నర, రెండంగుళాలు తక్కువ చూపిస్తే కంగారు పడకండి. విశాఖ వారికి ఆ సాకు లేదు.

ఇప్పుడు టైమింగ్. పైపు పీకిన రోజున, కుదుపు తగ్గుతుందేమోనని డెల్కోను కూడా కాస్త తిప్పి ఉండొచ్చు. బాబాయ్‌ను అడగండి, నొచ్చుకోకుండా అడగండి. ‘పైపు మళ్లీ పెడదామనుకుంటున్నాను బాబాయ్, డెల్కో ఎక్కడ పెట్టారో ఓసారి చూద్దామా’ అంటే చాలు. అలా ముందుకు తిప్పి ఉంచిన బండికి పైపు కూడా తగిలిస్తే ఇంజన్ నాకింగ్ (లోపల గలగలమనే చప్పుడు) కొడుతుంది, అప్పుడు నింద పైపు మీద పడుతుంది. మీ బండి మాన్యువల్‌లో ఉన్న డిగ్రీకి, పైపు తీసి రంధ్రం మూసి ఉన్నప్పుడే టైమింగ్ సెట్ చేయాలి. డెల్కో మీద చిన్న గంట్ల నట్టు, పక్కన ఏ, ఆర్ అని అక్షరాలు ఉంటే బాడీ వదులు చేయకుండానే సన్నగా జరపొచ్చు. ‘ఏ’ అక్షరం వైపు తిప్పితే స్పార్క్ ముందుకు, ‘ఆర్’ అక్షరం వైపు తిప్పితే వెనక్కి.

టైమింగ్ లైట్ దొరికితే దాని క్లిప్పు రేడియేటర్ వైపు ఉన్న ఒకటో ప్లగ్ వైరుకు తగిలించండి. ఈ ఇంజన్లలో టైమింగ్ ముళ్లు పుల్లీకి అడుగున ఉండి లైటుకు సరిగా కనబడకపోవచ్చు. అలాంటప్పుడు నేను చేసేది ఇది: ఒకటో పిస్టన్ పైన ఉండగా పుల్లీ మీద, ఎదురుగా టైమింగ్ కవర్ మీద పైవైపున తెల్ల రంగుతో సన్న గీతలు పెడతాను. తర్వాత పుల్లీ చుట్టూ దారం చుట్టి, పొడవు కొలిచి, 360తో భాగిస్తాను. అది ఒక డిగ్రీ. పది డిగ్రీలకొక చుక్క పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంజన్ వేడెక్కాక, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, ఆరుబయట పెట్టండి. ఒకరు యాక్సిలరేటర్ రెండు వేల చుట్ల దగ్గర నిలకడగా పట్టుకోవాలి. పైపు లేకుండా గీత ఎక్కడుందో చూడండి, పైపు పెట్టి చూడండి. పైపు పెట్టగానే ఇంజన్ తనంతట తానే కాస్త స్పీడందుకుంటుంది, పట్టుకున్నవారు తగ్గించి మళ్లీ అదే స్పీడుకు తేవాలి, లేకపోతే అడుగునున్న బరువుల అడ్వాన్స్ కూడా లెక్కలో కలిసిపోతుంది. రెండు గీతల మధ్య తేడాయే మీ వాక్యూమ్ అడ్వాన్స్. డబ్బా మీది మూడో అంకెకు రెట్టింపుకు దగ్గరగా రావాలి. టైమింగ్ లైట్ లేకపోతే ఆ స్పీడందుకోవడమే పరీక్ష. కాలితో పట్టుకోకుండా స్లో స్క్రూతో ఇంజన్‌ను కాస్త హుషారుగా నిలిపి, పైపు పెట్టండి, తీయండి. పెట్టినప్పుడల్లా ఇంజన్ గొంతు లేస్తే, తీసినప్పుడల్లా దిగితే మొత్తం వ్యవస్థ పనిచేస్తున్నట్టే. తర్వాత స్లో మళ్లీ సరిచేసుకోండి.

ఒక్క విషయం పెద్దవాడిగా గట్టిగా చెప్తాను. టైమింగ్ లైట్ వెలుగులో పుల్లీ ఆగిపోయినట్టు కనిపిస్తుంది, దాని ముందున్న ఫ్యాను రెక్కలు కూడా నిలబడి ఉన్నట్టు భ్రమ కలగొచ్చు. అది ఇనప రెక్కల ఫ్యాను. లుంగీ, కండువా, వదులు చొక్కా, చేతి గడియారం, ఏవీ వద్దు. ఆ వెలుగులో చెయ్యి బానెట్ లోపలికి పెట్టేముందు రెండుసార్లు ఆలోచించండి.

అన్నీ బిగించాక సింహాచలం కొండ ఎక్కించి చూడండి. పూర్తిగా తొక్కినప్పుడు నాకింగ్ వస్తే తప్పు పైపుది కాదు, అక్కడ దానికి పనే లేదు. అసలు టైమింగ్ ముందుకుంది, లేదా అడుగున బరువుల స్ప్రింగులు సాగిపోయాయి. తొక్కినప్పుడు నిశ్శబ్దంగా ఉండి, చదునులో తేలిగ్గా నడుపుతున్నప్పుడు మాత్రం గలగలమంటే డబ్బా వేరే బండిది తగిలించారేమో అంకెలు చూసుకోండి.

బాబాయ్ బిగించిన స్క్రూ పారేయకండి, డ్యాష్‌బోర్డు అరలో పడేసి ఉంచండి. ఎప్పుడైనా తుని దాటాక పొర చిరిగితే ఆ రంధ్రం మూసుకుని ఇంటికి రావడానికి దానికంటే మంచి వస్తువు లేదు.